మంచుతలుపు మీద నా ఊపిరి

అధ్యక్షా, సభ్యులారా,

నా మీద మోపిన అభియోగం ఇది. లోతుమంచు విశ్వవిద్యాలయంలో మూడో సంవత్సరం చదువుతున్న సువర్చల అనే నేను, వాదశాలలో పదే పదే కేటాయించిన సమయానికి మించి మాట్లాడి, నా ఊపిరి వేడితో మంచుతలుపును లోలోపల కరిగించి, చివరికి దానిని వంటశాలల కమిషనర్ సుందరం గారి పాదాల మీద కూల్చాను. కోరిన శిక్ష ఏడాది మౌనం. ఏడాది పాటు నేను ఈ వేదిక ఎక్కకూడదు. భోజనశాలలో చారు కావాలన్నా సైగ చేసే అడగాలి.

నేను కరుణ కోరడం లేదు. కరుణ కోరేవారు క్లుప్తంగా మాట్లాడతారు; నాకు ఆ ఉద్దేశం లేదు. ఈ ఏడాది నేను రాసుకున్న దినచర్య నుంచి కొన్ని నమోదులు చదువుతాను. వెనక వరుసలో మూలుగుతున్నవారికి ఒక మనవి: తలుపు గడ్డకట్టింది. మీరు ఎటూ వెళ్లలేరు.

వేదిక ఎక్కకుండా ఈ తలుపు పక్కనే నిలబడి ఎందుకు చదువుతున్నానని అధ్యక్షుల వారు అడిగారు. చివర చెబుతాను.

నమోదు 1

ఈ వారం తలుపు గీకే పని నా వంతు. ఒకటో సంవత్సరం వారికి ఇది రేపు ఎలాగూ తప్పదు కాబట్టి వివరంగా రాస్తున్నాను. గడప కింద తొట్టి ఉంది. వాదం మొదలయ్యే ముందు గడపలోంచి రెండు లోహపు రేకులు పైకి లేస్తాయి. తొట్టిలోని నీరు వాటి మధ్య నిండుతుంది. రేకుల్లోని శీతల గొట్టాలు పనిచేసి, నీరు జానెడు మందాన గడ్డకడుతుంది. రేకులు దిగిపోతాయి, మంచుతలుపు మిగులుతుంది. వాదం ముగిశాక దాన్ని కరిగిస్తే నీరు మళ్లీ తొట్టిలోకి చేరుతుంది. గురుగ్రహపు చందమామ అయిన ఈ యూరోపా మంచు అడుగున మొదట స్థిరపడినవారు ఈ ఏర్పాటు ఎందుకు చేశారంటే, అప్పటి శ్రోతలు ఓటింగుకు ముందే మెల్లగా జారుకునేవారట.

కరిగించే ముందు తలుపు పైపొరను పారతో గీకి బకెట్లలో నింపి హాస్టలుకు మోయాలి. అదే మనం తాగే నీరు. తొట్టిలో తగ్గిన మేరకు కొత్త మంచు వేస్తారు. గీకిన నీటికి రుచి ఉండదు, వాసన ఉండదు, కౌండిన్య ఉపన్యాసంలాగా ఏ సారమూ ఉండదు. కౌండిన్య నా ప్రత్యర్థి. ఈ వాక్యం అతనికి ముందే చదివి వినిపించాను. అభ్యంతరం చెప్పలేదు, ఆవులించాడు.

నేటి అంశం: ఉప్మాను హాస్టలు వంటశాలలో నిషేధించాలి. ప్రతిపాదించింది నేను. ఉప్మా ఆహారం కాదనీ, అది వంటవాడి నిరుత్సాహం ఉడికిన రూపమనీ నిరూపించాను. తరువాత ఓటింగు. శ్రోతలందరికీ తలా ఒక గ్లాసు పానకం ఇస్తారు. వక్తతో ఏకీభవించినవారు తాగుతారు, ఏకీభవించనివారు గడప తొట్టిలో పోస్తారు. తీర్పును చెవితో వినవచ్చు. ఈ రోజు విన్నాను. వాన పడుతున్నట్టు వినిపించింది. నేను వానను చూడలేదు గాని, మా అమ్మమ్మ వర్ణించిన వాన ఇలాగే ఉండేది.

తాగింది పదకొండు మంది. వారిలో ఇద్దరు దాహమై తాగామని తరువాత ఒప్పుకున్నారు.

నమోదు 4

నేటి అంశం: ఆదివారం సెలవు రద్దు చేయాలి. మళ్లీ ప్రతిపాదించింది నేనే. మళ్లీ వాన.

ముగింపుకు వస్తుండగా తలుపు పై అంచున సన్నటి చీలిక కనిపించి, తలుపు బయటి సొరంగం నుంచి చలిగాలి ఈలవేస్తూ లోపలికి వచ్చింది. ద్వారాధికారి పేరిందేవి గారు లేచి వచ్చి తలుపుకు అరచేయి ఆనించారు. ఆవిడ ముప్పై ఏళ్లుగా ఈ తలుపును చూసుకుంటున్నారు. దానితో మాట్లాడతారని కూడా అంటారు, నాకు దానికి అభ్యంతరం లేదు.

“చూశావా అమ్మా, ముచ్చెమటలు పోస్తున్నాయి దీనికి. గంటసేపు దీని మొహమ్మీద ఊపిరి ఊదితే ఏమవుద్ది మరి?”

నేను మాట్లాడింది ముప్పావు గంటేనని చెప్పాను. మిగతా పావు గంట చప్పట్ల కోసం ఆగాను. అవి రాలేదు.

తలుపుకు ఒంట్లో వేడి చేసిందని ఆవిడ నిర్ణయించారు. వేడి చేస్తే చలవ చేసేది పొయ్యాలి. చలవ చేసేది పానకం. ఓటింగు అయ్యాక ఆవిడ తన పెద్ద చెంబుతో చిక్కటి పానకాన్ని, మిరియాలూ యాలకులూ వేసి, శ్రద్ధగా తొట్టిలో పోశారు. ఇకనుంచి ప్రతి వాదానికీ ఒక చెంబు అని ప్రకటించారు. సభ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల కోసమే నేను పావు గంట ఆగింది.

నమోదు 7

తలుపు ఇంకా మెత్తబడుతోంది. మధ్యలో బానపొట్టలా ఉబ్బింది. పేరిందేవి గారు చెంబును రెండు చెంబులు చేశారు. అయినా తగ్గకపోవడంతో వేడికి మూలమైన నన్నే వాదశాలకు దూరంగా ఉంచాలని సభాసంఘానికి ఫిర్యాదు చేశారు. ఇదివరకు ఇదొక హాస్యం. ఇప్పుడు దస్త్రం.

నా గదిలో ఉండే రజియా శీతల యంత్రాల విభాగంలో చదువుతుంది. ఇద్దరం కలిసి లెక్క వేశాం. కూర్చున్నా నిలబడ్డా మనిషి ఒంటి నుంచి వెలువడే వేడి సుమారు వంద వాట్లు. తలుపు బరువు నూట ఎనభై కిలోలు. అంత మంచు కరగాలంటే నా వేడి రవంత కూడా వృథా పోకుండా మొత్తం తలుపులోకే పోవాలి, నేను ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ ఆగకుండా దాన్ని కౌగిలించుకుని మాట్లాడాలి. ఈ లెక్కను సభాసంఘం ముందు పెట్టాను. అసాధ్యమని తేలిందనుకున్నాను.

సంఘ సభ్యుల్లో ఒకరు లెక్కను రెండుసార్లు చదివి, ఏడు రోజులంటే ఈ అమ్మాయికి సాధ్యమే కదా అన్నారు. ఎవరూ నవ్వలేదు. అది మినిట్సులోకి ఎక్కింది.

నమోదు 8

నేను లేనిదే తలుపు కరగదని వారి వాదం. అయితే నేను తప్ప ఇంకెవరో కరిగిస్తున్నారని నా వాదం. ఉప్పు వేస్తే మంచు కరుగుతుందని చిన్న పిల్లలకూ తెలుసు. భోజనశాలలో నిలబడి, ఓటమి భయంతో కౌండిన్య తొట్టిలో ఉప్పు కలుపుతున్నాడని ఆరోపించాను.

కౌండిన్య ముద్ద దించి నా వైపు చూశాడు. “నాకు ఓటమి భయమా? తల్లీ, పోయిన నాలుగు వాదాల్లో నీకొచ్చిన ఓట్లు కలిపితే ఒక బంతి నిండదు. నేను ఉప్పు కలపడమెందుకు, నువ్వు నోరు తెరిస్తే చాలు.”

దినచర్యలో లేనిది ఒకటి ఇక్కడ చెప్పాలి: ఈ మాటలోని నిజం ఆ రోజు నాకు అర్థం కాలేదు. అతనికీ అర్థం కాలేదు. దీని దగ్గరకు మళ్లీ వస్తాను.

సాయంత్రం రజియాతో కలిసి తొట్టి దగ్గరకు వెళ్లి వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. ఉప్పు కాదు. తీపి. మామూలు తీపి కాదు, జిలేబీ పాకం.

“గిది తొట్టా, పాకం గిన్నెనా? ఇన్ని దినాలు పోసిన పానకం యాడికి పోతదనుకున్నవ్?” అంది రజియా.

ఆ రాత్రే నోటీసుబోర్డు మీద రాశాను: తలుపు తీపి. నమ్మనివారు నాకి చూడవచ్చు.

నమోదు 9

కౌండిన్య నమ్మనివారిలో మొదటివాడు. వాదం మొదలవకముందే సభ మొత్తం చూస్తుండగా వచ్చాడు. అప్పుడే రేకులు దిగాయి, తలుపు పైపొర ఇంకా చుర్రుమనేంత చల్లగా ఉంది. న్యాయమూర్తిలాగా చేతులు వెనక్కి కట్టుకుని నాలుక చాపి తలుపుకు ఆనించాడు.

ఆ నాలుక అక్కడే అతుక్కుపోయింది.

అతను ఏదో చెప్పాడు. రెండోసారి చెప్పాడు. మూడోసారికి అందరికీ అర్థమైంది. తీపి లేదంటున్నాడు. నాలుక మంచులో ఇరుక్కుని కూడా మనిషి ఖండన ఆపలేదు. నేను అతన్ని ఎప్పటికీ క్షమించలేను, కానీ ఆ క్షణంలో కొంచెం గౌరవించాను.

అతన్ని విడిపించడానికి రజియా గ్లాసుడు మంచినీళ్లు పోసింది. అవి గడ్డకట్టి మీసంలా అతని ముక్కు కింద వేలాడాయి. అప్పుడు పేరిందేవి గారు దైవనామస్మరణ చేస్తూ తన చెంబు వంచారు. చిక్కటి పానకం అతని నాలుక మీదుగా తలుపు మీద ధారగా జారింది. నాలుక ఊడి వచ్చింది. సభ లేచి నిలబడింది. పానకం మహిమ అన్నారు. ద్వారాధికారి గారి చేతి చలవ అన్నారు. నన్ను అబద్ధాలకోరు అన్నారు. నేను వాళ్లలో ఎవరి మాటా వినడం లేదు, తలుపును చూస్తున్నాను.

రజియా పోసిన మంచినీళ్లు తలుపు మీద గట్టిగా మెరుస్తున్నాయి. పానకం జారిన చోట మాత్రం వేలెడు లోతు గాడి పడింది. అది తడిగా, జిగటగా, ఎంతసేపటికీ గడ్డకట్టకుండా అలాగే ఉండిపోయింది.

నమోదు 10

రెండు గ్లాసులు. ఒకదాంట్లో మంచినీళ్లు, రెండోదాంట్లో పానకం. రెంటినీ సొరంగం గట్టు మీద పెట్టి, గిన్నెలు కడిగే పనికి వెళ్లాం. తిరిగి వచ్చేసరికి మంచినీళ్లు రాయిలా ఉన్నాయి. పానకం గ్లాసు పక్కలకు మంచు పట్టింది, నడుమ మాత్రం పాకం కదులుతోంది. పక్కల మంచును గిల్లి నోట్లో వేసుకున్నాను. చప్పగా ఉంది. కౌండిన్య చెప్పింది నిజమే. నేను చెప్పిందీ నిజమే. ఒకే తలుపు గురించి ఇద్దరం నిజం చెప్పి కొట్టుకున్నాం.

దీన్ని నాకు నేను విడమర్చి చెప్పుకున్న తీరు ఇది. నీరు గడ్డకట్టడమంటే దాని అణువులు భోజనశాలలో మనలా బారు తీరి కుదురుకోవడం. చక్కెర అణువు ఆ బారులో ఇమడదు. పెళ్లికి వచ్చిన దూరపు బంధువులా మధ్యలో నిలబడి అందరితో చేతులు కలుపుతుంది. దాంతో బారు కుదరాలంటే ఇంకాస్త చలి కావాలి. చివరికి ఎలాగో కుదిరినా, మంచు చక్కెరను తనలోకి రానివ్వదు, పక్కకు నెట్టేస్తుంది. మన తలుపు రెండు పక్కల నుంచి గడ్డకడుతుంది కాబట్టి తీపంతా నడుముకు చేరుతుంది. నడుమ తీపి పెరిగేకొద్దీ దానికి ఇంకా చలి కావాలి. గొట్టాలకు అంత చలి లేదు. పైన మంచు, లోపల పాకం.

పానకం తలుపును వేడెక్కించలేదు. ద్రవంగా ఉండిపోవడాన్ని నీటికి సులభం చేసింది, అంతే. మనిషి ఒంటికి చలవ చేసేది మంచుకూ చలవ చేస్తుందని ఎవరూ ఎక్కడా నిరూపించలేదు. మంచుకు వేసవి దాహం ఉండదు.

పైగా మనం గీకి తాగేది ఆ చప్పటి పైపొరనే. ఏళ్ల తరబడి తొట్టిలోంచి మంచినీళ్లను మాత్రమే బయటికి మోస్తున్నాం, తీపిని మాత్రం లోపలే దాస్తున్నాం. దానికి తోడు మనమే రోజూ రుచి చూసి, ఈ నీటిలో ఏమీ కలవలేదని ధ్రువీకరిస్తున్నాం.

“గిదంతా పోయి పేరిందేవమ్మకు చెప్పు. ఉపన్యాసం లెక్క చెప్పకు, మనిషి లెక్క చెప్పు,” అంది రజియా.

మనిషిలాగే చెప్పాను. గ్లాసు కూడా చూపించాను. ఆవిడ పాకంలో వేలు పెట్టి నాకి, యాలకులు చాలలేదన్నారు. చెంబులు మూడు చేశారు.

నమోదు 12

వార్షిక వాదం. ముఖ్య అతిథి వంటశాలల కమిషనర్ సుందరం గారు. అంశం: ఉప్మాను వారానికి ఆరు రోజులు చేయాలి. ప్రతిపాదకుడు కౌండిన్య, వ్యతిరేకించేది నేను. గౌరవార్థం కమిషనర్ గారి కుర్చీని తలుపు పక్కనే వేశారు, అక్కడ చల్లగా ఉంటుందని.

తలుపు పొట్ట నిండు నెలల గర్భిణిలా ఉంది. నేను లేచి అతిథి గారి కుర్చీ జరపమని కోరాను. నా వంతు రాలేదని అధ్యక్షుల వారు కూర్చోబెట్టారు. రెండోసారి లేచాను. వంతు రాకుండా మాట్లాడటం తలుపుకు ప్రమాదమని పేరిందేవి గారు హెచ్చరించారు. జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని కూర్చున్నాను. సభ్యులారా, ఈ వాక్యాన్ని గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను. తలుపు కూలిన వేళ నేను మౌనంగా ఉన్నాను. మాట్లాడుతున్నది కౌండిన్య. రవ్వ గుణగణాలు చెబుతున్నాడు.

తలుపు పగిలిన శబ్దం పెద్దగా రాలేదు. అప్పడం విరిగినట్టు వచ్చింది. తరువాత నలభై లీటర్ల మిరియాల పాకం మెల్లగా, మర్యాదగా, ఆగకుండా బయటికి నడిచింది. సొరంగం గాలి హోరుమని లోపలికి దూరింది. ముందు వరుస లేవబోయి బూట్లలోంచి లేచింది. బూట్లు మాత్రం నేలకు అంటుకునే ఉన్నాయి. ఒక ఆచార్యుల వారు ముందుకు పడి, లేవడానికి ప్రయత్నించి, ఆ ప్రయత్నం విరమించుకున్నారు.

కమిషనర్ గారు మోకాళ్ల దాకా తడిసిన పంచె వైపు చూసుకున్నారు. ఒక వేలితో అద్ది నాలుకకు రాసుకున్నారు.

“యాలకులు బాగా పట్టాయండి,” అన్నారు.

మరునాడు నా గది తలుపుకు అభియోగపత్రం అంటించారు. అది కూడా పాకంతోనే అంటించారు. ఆ రోజు నేను మాట్లాడలేదు కదా అని అడిగితే, పాత ప్రసంగాల వేడి తలుపులో నిలవ ఉండిపోయిందని రాతపూర్వకంగా జవాబిచ్చారు.

నమోదులు ముగిశాయి. ఇక వాదం.

సభ్యులారా, నిన్న రాత్రి కౌండిన్య మా గదికి వచ్చాడు. నాలుక ఇంకా పూర్తిగా నయం కాలేదు. తనకు ఒక విషయం తట్టిందన్నాడు. తలుపు మెత్తబడిన రోజుల్లోని అంశాలు వరుసగా చెప్పాడు. ఉప్మా నిషేధం. ఆదివారం సెలవు రద్దు. మధ్యాహ్నం నిద్ర మీద పన్ను. పరీక్షల్లో అదనపు ప్రశ్నపత్రం. అన్నీ నేను ప్రతిపాదించినవే, అన్నీ నేను ఓడినవే. నేను ఓడిన ప్రతిసారీ రెండు వందల మంది తమ గ్లాసులను తొట్టిలో ఒంపారు. పేరిందేవి గారి చెంబులు చివరి వాన మాత్రమే, అసలు ముసురు మీది.

కాబట్టి నేను ఒకటి ఒప్పుకుంటాను. అభియోగంలో ఒక అణువంత నిజం ఉంది. నా ప్రసంగాలే తలుపును కరిగించాయి. కానీ నా నోటి గుండా కాదు. మీ గ్లాసుల గుండా.

ఇక నేను తలుపు పక్కన ఎందుకు నిలబడ్డానో చెబుతాను. నిన్న సభాసంఘం అనుమతితో రజియా తొట్టిని ఖాళీ చేసి, కడిగి, కొత్త మంచునీటితో నింపింది. పానకం ఒక్క చుక్క కలవలేదు. నా వెనక ఉన్నది ఆ తలుపే. నాకు కేటాయించిన సమయం పావు గంట. నేను మూడు రెట్లు మాట్లాడాను. అధ్యక్షుల వారు నాలుగుసార్లు గంట కొట్టారు, నేను నాలుగుసార్లూ విన్నాను. అంతసేపూ నా నోరు ఈ మంచుకు బెత్తెడు దూరంలో ఉంది. నా ఊపిరిలో తలుపును కరిగించే శక్తి ఉంటే ఈపాటికి మీరంతా సొరంగంలో ఉండేవారు. రండి, ఎవరైనా వచ్చి గుద్దండి. కౌండిన్య గుద్దాడు. చేయి ఊదుకుంటున్నాడు.

ఇప్పుడు మీ చేతుల్లో గ్లాసులున్నాయి. నియమం ప్రకారం నేను నిర్దోషినని నమ్మినవారు తాగాలి, దోషినని నమ్మినవారు తొట్టిలో పోయాలి. మీరు పోస్తే నేను ఏడాది పాటు నోరు మూసుకుంటాను. మీ తలుపు మాత్రం వచ్చే ఏడాదికి మళ్లీ పాకమవుతుంది, అప్పుడు నింద మోయడానికి నేను ఉండను. కౌండిన్య మిగులుతాడు.

పేరిందేవి గారు ఏదో అంటున్నారు. అందరికీ వినబడేలా నేనే చెబుతాను. “అయితే అందరూ తాగాల్సిందేనా? తాగితే నిన్నొదిలేసినట్టే కదే పిల్లా,” అంటున్నారు.

అవునండీ. కానీ ఆ నియమం నేను పెట్టింది కాదు.

కనుక ఈ సభను నేను కోరేది ఒక్కటే. నన్ను శిక్షించాలనుకుంటే చేతులెత్తి శిక్షించండి, ఆ లెక్కకు తలవంచుతాను. కానీ ఈ రోజు మొదలుకొని ఈ తొట్టిలో ఒక్క చుక్క పానకం పడటానికి వీల్లేదు. పేరిందేవి గారూ, ముందు మీ చెంబు కింద పెట్టండి. సభ్యులారా, గ్లాసులు పైకెత్తండి. తాగండి.